స్నానం చేసి దీపం పెట్టిన దొంగ

దొంగ గుమ్మం ముందు ఆగి, చెప్పులు విడిచి, వాటిని కాలితో గోడ వారకు జరిపి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళాడు.

"మళ్ళీ ఒకసారి వెయ్యండి," అన్నాను.

ఉదయ్ భాస్కర్ గట్టిగా నిట్టూర్చాడు. కొండాపూర్ నీలాంబరి టవర్స్‌లో కెమెరాలు, గేట్లు, కాపలా అన్నీ ఆయన కంపెనీవే. మనిషి ఇస్త్రీ మడతల్లోంచి అప్పుడే బయటికి తీసినట్టు ఉంటాడు. చేతిలో ట్యాబ్ లేకుండా ఆయన్ని నేనింతవరకు చూడలేదు.

"నాలుగోసారి మేడమ్. క్లియర్‌గానే ఉంది కదా? ఆరెంజ్ కలర్ మంకీ క్యాప్, మాస్క్. ఆ క్యాప్ ఉమాశ్రీ టూర్ కంపెనీది. డోర్ తీసింది తాళంచెవితో. తాళంచెవి ఉన్నది ఉమాశ్రీ దగ్గర. ఇంకేం కావాలి మీకు?"

"కాఫీ," అన్నాను. నిజంగానే కావాలి. రాయదుర్గం మెట్రో వెనక నా ఆఫీసులో పొద్దున పొయ్యి మీద పెట్టిన డికాక్షన్ అలాగే వదిలేసి వచ్చాను.

సోఫాలో కూర్చున్న ఎస్సై ఎల్లేశం నవ్వాడు. "మేడమ్, సాయంత్రం దాకనే టైమిచ్చిన. పైకెల్లి ఫోన్ల మీద ఫోన్లు. ఆ పిల్లను స్టేషన్‌కు తీస్కపోక తప్పది. జర జల్ది కానియ్యిండ్రి."

ఆ పిల్ల ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఉమాశ్రీకి హఫీజ్‌పేట స్టేషన్ పక్కన ఒక గది ఆఫీసు ఉంది, ఒక బస్సుంది, బోలెడంత ధైర్యం ఉంది. నీలాంబరి టవర్స్ నుంచి కొన్ని కుటుంబాలను విశాఖపట్నం చూపించడానికి తీసుకెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైపు పగిలినా గ్యాసు వాసన వచ్చినా తలుపు తీయాలి కదా. అందుకని వెళ్ళేముందు ఇంటికో తాళంచెవి తీసుకుంటుంది. అవన్నీ ఒక గుడ్డసంచిలో వేసి, టూర్ అయ్యేదాకా నడుముకే కట్టుకుని తిరుగుతుంది. నిద్రలో కూడా విప్పదు.

నిన్న ఆదివారం పొద్దున బస్సు తిరిగి వచ్చింది. ఆరో అంతస్తులో, ఇప్పుడు మేం కూర్చున్న ఈ ఇంటి యజమానురాలు అమ్మణ్ణి గారు తలుపు తెరిచి, దేవుడి అలమర దగ్గరికి వెళ్ళి కెవ్వున అరిచారు. అమ్మవారి మెడలో ఉండాల్సిన పచ్చల పతకం లేదు. తాళం పగలలేదు. శుక్రవారం మధ్యాహ్నం కెమెరాలో ఈ నారింజరంగు టోపీ కనబడింది. రెండో తాళంచెవి అమ్మణ్ణి గారి హ్యాండ్‌బ్యాగులో విశాఖలో ఉంది. మిగిలింది ఉమాశ్రీ సంచి. ఆ రోజు ఆమె కూడా విశాఖలోనే ఉంది కాబట్టి, ఇక్కడున్న తోడుదొంగకి తాళంచెవి ఇచ్చి వెళ్ళి, తర్వాత తిరిగి తీసుకుందని ఉదయ్ భాస్కర్ లెక్క.

రేపు పొద్దున ఆమె బస్సు మరో టూర్‌కి బయలుదేరాలి. ఇవాళ పోలీసు జీపెక్కితే ఆ బస్సు ఎవరూ ఎక్కరు. రేపే కాదు, ఇంకెప్పుడూ ఎక్కరు. తాళాలు చేతికిచ్చి ఊరెళ్ళే జనం ముందు ఒక్కసారి దొంగ అనిపించుకుంటే ఆ మాట ఎన్నేళ్ళు కడిగినా పోదు.

నన్ను పిలిపించింది ఉమాశ్రీయే. రెండేళ్ళ కిందట ఆమెకు వచ్చిన సంబంధం గురించి విచారించి వద్దని చెప్పింది నేనే. ఆ పెళ్ళికొడుకు ఒకేసారి మూడు కంపెనీల్లో ఉద్యోగం చేస్తున్నాడు, మూడింట్లోనూ పని చేయడం లేదు. అప్పటి నుంచి ఈ డిటెక్టివ్ పుణ్యవతి అంటే ఆమెకు గురి.

"ఈ వీడియో అమ్మణ్ణి గారికి చూపించారా?" అడిగాను.

"ఫుటేజ్ కాన్ఫిడెన్షియల్. రెసిడెంట్స్‌కి చూపించం. అది మా పాలసీ," అన్నాడు ఉదయ్ భాస్కర్. ఎస్సై వైపు తిరిగి, "సర్, ఆ కీ పౌచ్ నాకిచ్చేస్తే ల్యాబ్‌కి పంపిస్తాను. పొద్దున్నుంచీ అడుగుతున్నాను," అన్నాడు.

"సీలేసిన సంచి సారూ. నా దగ్గరనే ఉండనియ్యి," అన్నాడు ఎల్లేశం.

"దొంగ చెప్పులు ఎందుకు విడిచాడంటారు?" అన్నాను.

"పాదముద్రలు పడకుండా."

"చెప్పులు లేకపోతేనే కదండీ పాదముద్రలు పడేది?"

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. నాకు కొంచెం ఆనందం కలిగింది. కాఫీ లేని లోటు కొంత తీరింది.

దేవుడి అలమర వంటింటి తూర్పు గోడకు ఉంది. నేను అడిగిన కాఫీ స్టీలు గ్లాసులో తెచ్చి చేతిలో పెట్టి, అమ్మణ్ణి గారు పక్కన నిలబడ్డారు. అరవై దాటిన మనిషి, ముక్కుకు రెండు వైపులా రాళ్ళు. పతకం ఆవిడ తల్లిదట. బ్యాంకు లాకర్ కంటే అమ్మవారి మెడే క్షేమమని నలభై ఏళ్ళుగా అక్కడే ఉంచారు.

"ఊరెళ్ళేముందు కుందులు తోమి బోర్లించి వెళ్ళానండీ. వచ్చేసరికి ఇదిగో, ఇలా ఉన్నాయి," అన్నారు.

రెండు కుందులూ నిలబెట్టి ఉన్నాయి. నూనె అడుగంటింది. ఒక్కో కుందిలో రెండేసి వత్తులు కలిపి పేనిన వత్తి, చివర నల్లగా కాలి ఉంది. అమ్మవారి నుదుటిమీద కుంకుమ గుండ్రంగా, పొడి రాలకుండా తీర్చినట్టు పెట్టి ఉంది.

"వెలుతురు కోసం వెలిగించుకుని ఉంటాడు," అన్నాడు వెనక నుంచి ఉదయ్ భాస్కర్.

"మిట్టమధ్యాహ్నం, స్విచ్చి చేతికందే దూరంలో పెట్టుకుని, వత్తులు పేనుకుని మరీనా?"

బాత్రూములోకి తొంగిచూశాను. వెనక బాల్కనీలోకి వెళ్ళాను. తీగమీద ఒక ఎర్ర తువ్వాలు ఆరి బిరుసెక్కి ఉంది. పిండిన మెలికలు అలాగే నిలిచిపోయాయి.

"ఇది మీరు ఆరేసిందేనా పిన్నిగారూ?"

అమ్మణ్ణి గారు తువ్వాలు వంక చూశారు. దాని మెలికలు వేలితో తడిమారు. "నేను అన్నీ మడతపెట్టి బీరువాలో పెట్టే వెళ్ళానండీ," అన్నారు చాలా నెమ్మదిగా.

"అయితే దొంగ స్నానం కూడా చేశాడన్నమాట."

"చెమట పట్టి ఉంటుంది. సో వాట్?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"జనవరిల చెమటేంది సారూ," అన్నాడు ఎల్లేశం.

"మేడమ్, ఇది పెళ్ళి సంబంధాల ఎంక్వైరీ కాదు. ఇక్కడ డేటా ఉంది. క్యాప్ ఉంది, కీ ఉంది, టైమ్ స్టాంప్ ఉంది. మీరు కుంకుమ, తువ్వాలు అంటూ ఎస్సై గారి టైమ్ వేస్ట్ చేస్తున్నారు."

నాకు కోపం వచ్చింది. వస్తే దాచుకునే అలవాటు నాకు లేదు. "ఉదయ్ గారూ, మీ కెమెరా తలుపు దాకానే చూసింది. తలుపు అవతల ఏం జరిగిందో ఈ తువ్వాలు చూసింది. మీ సాక్షిని మీరు నమ్ముకోండి, నా సాక్షిని నన్ను నమ్ముకోనివ్వండి," అని కాఫీ ఆఖరి గుక్క తాగేశాను. మంచి కాఫీ. గోదావరి జిల్లాల వాళ్ళ చేతిలో ఏదో ఉంది.

టూర్‌కి వెళ్ళినవాళ్ళు కింద క్లబ్‌హౌస్‌లో ఉన్నారంటే మేమంతా అక్కడికి దిగాం. దొంగతనం జరిగిందని దిగులుగా ఉంటారనుకున్నాను. తెరమీద ఫోటోలు వేసుకుని పకపకా నవ్వుతున్నారు. ఫోటోల్లో ఏమీ లేదు. అంతా తెలుపు. ఆ తెలుపులో అక్కడక్కడా నారింజరంగు టోపీలు.

"ఇది సముద్రం ఆంటీ," అన్నాడు భరత్ అనే ఇంజనీరు కుర్రాడు, తెల్లగోడలాంటి ఫోటో చూపిస్తూ. "ఇది కైలాసగిరి మీది శివపార్వతుల విగ్రహం. ఇది మా డాడీ."

"ఏదీ, కనబడరేం?"

"అక్కడే ఉన్నారు. పొగమంచు లోపల."

శుక్రవారం తెల్లవారకముందే సగం మంది సూర్యోదయం చూడటానికి కొండెక్కారు. వాళ్ళ వెంట డ్రైవరు కుమార్ వెళ్ళాడు. ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న మిగతా సగం, ఉమాశ్రీ వెంట బజారుకు వెళ్ళింది. కొండ మీద సూర్యుడూ లేడు, సముద్రమూ లేదు. పక్కమనిషి కూడా కనబడనంత మంచు. ఘాట్ దిగడం ప్రమాదమని మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయారు. అంత దూరం వెళ్ళి ఏమీ చూడకుండా వచ్చినందుకు ఒక్కరికీ విచారం లేదు. అంత్యాక్షరి పాడుకున్నారట. భరత్ అయితే ఆ మంచులోంచే ఆఫీసు మీటింగులో కూర్చున్నాడట.

"మేనేజర్ మెచ్చుకున్నారు ఆంటీ, బ్యాక్‌గ్రౌండ్ భలే నీట్‌గా పెట్టావని."

"మరి అంతసేపు ఆకలికి ఏం చేశారు?"

"ఉమక్క ముందురోజు రాత్రే అందరికీ జంతికల పొట్లాలు ఇచ్చింది. అవే తిన్నాం. తిన్నాం అంటే లాగాం. రబ్బరుబ్యాండ్లు అయిపోయాయి."

వెనక వరసలోంచి మధుసూదన్ గారనే పెద్దాయన చెయ్యెత్తారు. "నా కట్టుడు పళ్ళకి అదే మేలైందమ్మా. పదేళ్ళ తర్వాత జంతిక తిన్నాను."

నేను పుట్టింది కాకినాడలో. అక్కడ జంతికల డబ్బా మూత తీసి పక్కింటికి పేరంటానికి వెళ్ళొస్తే అంతే సంగతులు. ఇక కొండ మీద మంచులో, సముద్రపు గాలిలో చెప్పాలా? ఒక్కొక్కరినీ అదే అడుగుతూ పోయాను. అందరిదీ అదే మాట, అదే నవ్వు. చివరి కుర్చీలో అమ్మణ్ణి గారి భర్త పట్టాభిరామయ్య గారు కూర్చున్నారు. కరెంటు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైన మనిషి. నవ్వడం లేదు.

"మీరూ కొండ మీదే ఉన్నారుగా బాబాయిగారూ?"

"ఉన్నానమ్మా. ఒక మూలగా కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి."

"జంతికలు తిన్నారా?"

"తినకేం! కరకరలాడుతూ భలే ఉన్నాయమ్మా. వాము బాగా పడింది."

నవ్వులు ఆగిపోయాయి. భరత్ మెల్లిగా అన్నాడు, "అంకుల్, కరకరలాడటమేంటి?"

నేను ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గొంతు తగ్గించాను. "బాబాయిగారూ, ఆ పొట్లం మీరు కొండ మీద విప్పలేదు. గాలి చొరబడని చోటెక్కడో విప్పారు. విమానంలోనా?"

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. అందరి వంకా చూసి, చివరికి తలుపు దగ్గర నిలబడ్డ భార్య వంక చూశారు.

"శుక్రవారం," అన్నారు.

"శుక్రవారమైతే ఏంటండీ?" అన్నారు అమ్మణ్ణి గారు.

"నలభై ఏళ్ళుగా శుక్రవారం అమ్మవారి దగ్గర దీపం లేకుండా ఉన్నామా మనం? నువ్వేమో ఎంచక్కా కుందులు బోర్లించి బస్సెక్కావు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కొండకని బయల్దేరి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. మంచు వల్ల అదీ ఆలస్యమే. వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టి, రాత్రి భోజనాల వేళకి మళ్ళీ మీలో కలిశాను. ఎవరైనా చూస్తే నవ్విపోతారని ఆ టోపీ, మాస్కూ తీయలేదు."

"నా బ్యాగులో తాళంచెవి?"

"తీశాను. మళ్ళీ పెట్టేశాను."

అమ్మణ్ణి గారి కళ్ళు నీళ్ళతో నిండాయి. ఇప్పుడు ఆయన పని అయిపోయిందనుకున్నాను. "ఆ తువ్వాలు పిండిన తీరు చూడగానే నాకు అనుమానం వచ్చింది," అన్నారు ఆవిడ. "ఎంత మనిషండీ మీరు? ఆ మాట నాతో చెబితే నేనూ వచ్చేదాన్ని కదా! నాకు మాత్రం నిద్ర పట్టిందా?"

ఇలాంటి మొగుడూ పెళ్ళాలను చూస్తే నా ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోయాను.

"దీపం సంగతి బాగుంది బాబాయిగారూ. కానీ నిన్నటి నుంచి ఈ పిల్లను దొంగ అంటున్నారు. మీరు వింటూ కూర్చున్నారు. నలుగురూ నవ్వుతారని ఒక ఆడపిల్లని జైలుకి పంపుతారా?"

"టోపీ మనిషి కెమెరాలో పడ్డాడన్నారు గాని, శుక్రవారమని నాకెవరూ చెప్పలేదమ్మా. నేనని తెలియదు. తెలుసుకోవడానికి భయపడ్డానేమో. తప్పే." ఆయన లేచి వెళ్ళి ఉమాశ్రీ ముందు రెండు చేతులూ జోడించారు. ఆమె కంగారుగా ఆ చేతులు పట్టుకుంది. "అయ్యో, వద్దు తాతగారూ," అంది. నిన్నటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు.

ఉదయ్ భాస్కర్ చప్పట్లు కొట్టాడు. "ఎక్సలెంట్! అంటే ఓనరే పతకం తీసి దాచాడు. ఎస్సై గారూ, నోట్ చేసుకోండి."

"ఛీ, ఏం మాటలండీ!" పట్టాభిరామయ్య గారి గొంతు మొదటిసారి పెరిగింది. "అమ్మవారికి బొట్టు పెట్టేటప్పుడు పతకం అడ్డొస్తే ఈ చేత్తోనే పక్కకి జరిపాను. నేను తాళం వేసి వచ్చేటప్పుడు అది ఆవిడ మెడలోనే ఉంది."

ఎల్లేశం కుర్చీలోంచి లేచాడు. "అంటే ఈయన పోయినంక ఇంకెవరో వచ్చిండ్రు. సారూ, అటెన్కటి వీడియో ఏది?"

"ఎవరూ రాలేదు సర్. మనిషి కదిలితేనే కెమెరా రికార్డ్ చేస్తుంది. ఈయన వెళ్ళాక, వీళ్ళు తిరిగి వచ్చేదాకా ఒక్క క్లిప్ కూడా లేదు. కారిడార్ ఖాళీ."

"అదెలా కుదురుతుందండీ?" అన్నారు అమ్మణ్ణి గారు. "చెత్త తీసుకెళ్ళే అమ్మాయి రోజూ సాయంత్రం వస్తుందిగా. మేం లేకపోతే ఎదురింటి వాళ్ళు లేరా?"

ఉదయ్ భాస్కర్ ట్యాబ్ మీద వేలితో ఏదో వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు. "సెన్సర్ ఇష్యూ అయి ఉంటుంది," అన్నాడు చివరికి. "ముందు ఆ పౌచ్ ఇలా ఇవ్వండి, ల్యాబ్‌లో వేలిముద్రలు..."

పోలీసు చేతిలో ఉన్న సంచి మీద ఈయనకెందుకింత ప్రేమ? ఇందాకటి నుంచి నన్ను కుడుతున్న చీమ అదే. "ఎల్లేశం గారూ, సీలు విప్పండి. పైకి పదండి. అందరూ రండి," అన్నాను.

ఆరో అంతస్తు కారిడార్ నిండిపోయింది. ముందు అమ్మణ్ణి గారి బ్యాగులోని తాళంచెవి పెట్టించాను. సులువుగా తిరిగింది. తర్వాత ఉమాశ్రీ సంచిలోంచి ఆ ఫ్లాటు నంబరు చీటీ కట్టిన తాళంచెవి తీసి ఎల్లేశం చేతికిచ్చాను. చూడటానికి అచ్చం అలాంటిదే. ఆయన తాళంలో పెట్టి తిప్పాడు. తిరగలేదు. బయటికి తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ తిప్పాడు.

"ఇది ఈ తాళందే గాదు మేడమ్."

ఉమాశ్రీ ముందుకొచ్చింది. "చీటీ నేను కట్టిందేనండీ. నా రాతే. తాళంచెవి మాత్రం..."

"ఈ టవర్స్ తాళాలకు బయట నకలు తీయరు. తయారుచేసిన కంపెనీ ఇచ్చిన కార్డు చూపించాలి. కాబట్టి అసలుది కావాలంటే మార్చుకోవడం ఒక్కటే దారి," అన్నాను. "టూర్‌కి వెళ్ళేముందు ఈ సంచి ఎవరికైనా ఇచ్చావా అమ్మా?"

"ఒక్క పూటండీ. తాళాల నంబర్లు యాప్‌లో ఎక్కించాలి, లేకపోతే రూల్స్ ఒప్పుకోవన్నారు. తాళాలన్నీ ఆయన గదిలోనే ఉంచుకుని సాయంత్రం ఇచ్చారు."

"ఎవరమ్మా?"

"ఉదయ్ భాస్కర్ గారు."

నలభై ఏళ్ళ పతకం, ఒకమ్మాయి పరువు, రెండూ ఒక్క మనిషి జేబులోకి వెళ్ళిపోయాయి. బస్సు తిరిగి వచ్చిన వెంటనే ఉదయ్ భాస్కర్ తాళంచెవులు మళ్ళీ మార్చేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎల్లేశం సీలు వేయబట్టి అది కుదరలేదు. తను కనబడే క్లిప్పులు తుడిచేస్తూ, టోపీ మనిషి కెమెరాలో పడటం చూసి తన అదృష్టానికి తానే మురిసిపోయి ఉంటాడు.

"అంటే మా తాళాలు కూడా?" అన్నాడు భరత్. అందరూ ఒక్కసారిగా సంచి వైపు, తమ ఫ్లాట్ల వైపు చూశారు. నేను మాత్రం ఉదయ్ భాస్కర్ వైపు తిరిగాను.

ఆయన నిలబడిన చోట ట్యాబ్ ఒక్కటే ఉంది, నేలమీద. లిఫ్టు తలుపులు అప్పటికే మూసుకున్నాయి.

"గేటు బంద్ చెయ్యిండ్రి!" అని ఎల్లేశం వైర్‌లెస్‌లో అరిచాడు.

"గేటు వద్దు," అన్నాను, లిఫ్టు పక్కన వెలుగుతున్న అంకెలు చూస్తూ. ఎనిమిది. తొమ్మిది. "కిందికి కాదు, పైకి వెళ్తున్నాడు. పైన ఎవరుంటారు?"

అంకె పన్నెండు దగ్గర ఆగింది.

"సుబ్బరాయుడు గారి ఫ్లాటండీ," అంది ఉమాశ్రీ. "మాతో తిరిగి రాలేదు, అట్నుంచటే అరకు వెళ్ళారు. వాళ్ళ తాళంచెవి కూడా ఈ సంచిలోదే. ఇల్లు ఖాళీగా ఉంది."

ఆ ఇంటి అసలు తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంటుంది. పతకం ఎక్కడ దాచాడో అప్పుడు నాకు అర్థమైంది. నా నోట్లోంచి మాట వచ్చేలోపే ఆ పిల్ల చున్నీ నడుముకు బిగించి, పోలీసుల కంటే ముందు మెట్లమీద ఉంది.